‘అన్‌యాక్సెప్టబుల్’: ఎవరికి, ఎంతవరకు, ఆ తర్వాత ఏమిటి?

బెంగళూరులోని వైట్‌ఫీల్డ్, మారతహళ్లి, ఎలక్ట్రానిక్ సిటీ ఆఫీసుల్లో పనిచేసే మన తెలుగువాళ్లకు గుండె జారిపోయేలా చేసే ఇంగ్లిష్ వాక్యం ఒకటుంది. ‘దిస్ ఈజ్ అన్‌యాక్సెప్టబుల్.’ క్లయింట్ మెయిల్లో ఆ ఒక్క ముక్క కనబడితే చాలు, మేనేజర్ కాల్ పెట్టేస్తాడు, లీడ్ అందర్నీ లాగిన్ అవ్వమంటాడు. కొత్తగా చేరిన పిల్లలైతే ఉద్యోగం పోయిందనే టెన్షన్‌లో ఉంటారు. మా టెస్టింగ్ టీమ్‌లో కడప నుంచి వచ్చిన ఒక అమ్మాయి అలాంటి మెయిల్ చదివి అడిగింది: ‘అక్కా, ఇంతకీ వీళ్లు తిడుతున్నారా, రూల్ చెబుతున్నారా?’

అడగవలసిన ప్రశ్నే అది. ఈ విశేషణం రెండు పనులకూ పనికొస్తుంది. ఒక్కోసారి అది కోపం. ఒక్కోసారి కొలిచి గీసిన గీత. ఏ మెయిల్లో ఏ పని చేస్తోందో తేల్చుకోలేకపోతే అనవసరంగా భయపడతాం, లేదా భయపడాల్సిన చోట తేలిగ్గా తీసుకుంటాం. రెండోది ఇంకా ప్రమాదం.

మాట పుట్టుకతో మొదలుపెడదాం. దీని మూలం లాటిన్‌లోని ‘కాపెరె’ అనే క్రియ. పట్టుకోవడం, తీసుకోవడం అని అర్థం. ‘వైపు’ అనే అర్థమిచ్చే ‘అద్’ దాని ముందు చేరి ‘అక్కిపెరె’ అయింది, అంటే ఎదుటివాళ్లు ఇచ్చినదాన్ని తన వైపు తీసుకోవడం. అందులోంచి పుట్టిన ‘అక్కెప్తారె’ పాత ఫ్రెంచి మీదుగా 14వ శతాబ్దం చివర్లో ఇంగ్లిష్‌లోకి వచ్చి ‘యాక్సెప్ట్’ అయింది. ‘యాక్సెప్టబుల్’ కూడా దాదాపు అప్పటిదే. ‘అన్’ తగిలించుకున్న రూపం కనిపించడానికి మాత్రం ఇంకో వందేళ్లు పట్టింది, 15వ శతాబ్దం చివరిదాకా.

‘కాపెరె’ సంతానం మన నోళ్లలో రోజూ తిరుగుతూనే ఉంది. కెపాసిటీ, క్యాప్చర్, కాన్సెప్ట్, రిసీట్ అన్నీ దాని పిల్లలే. రెసిపీ కూడా. లాటిన్‌లో ‘రెకిపె’ అంటే ‘తీసుకో’ అని ఆజ్ఞ. వైద్యులు మందుల చీటీ మొదట్లో రాసే మాట అది, వంటింట్లోకి తర్వాత వచ్చింది. డాక్టర్ చీటీ మీద కనబడే ‘ఆర్ఎక్స్’ గుర్తు దాని సంక్షిప్త రూపమే. మనవాళ్లు తరచూ తికమకపడే ‘ఎక్సెప్ట్’ కూడా ఈ ఇంటిదే, దానికి ‘బయటికి తీసేసి’ అని అర్థం. ‘ఎక్స్‌పెక్ట్’ది మాత్రం వేరే వంశం, చూడటానికి సంబంధించిన క్రియలోంచి వచ్చింది. ఫోన్లో ఈ మూడూ ఒకేలా వినబడి తగాదాలైన సందర్భాలు కాల్స్‌లో కూర్చునేవాళ్లందరికీ తెలుసు.

ఇక ముందున్న ‘అన్’. ఇది లాటిన్‌ది కాదు, ఇంగ్లిష్ సొంత సొత్తు. జర్మన్, డచ్ లాంటి భాషలతో పాటు దానికి వారసత్వంగా వచ్చింది. అంటే ఈ పదంలో తల ఇంగ్లిష్‌ది, ఒళ్లూ తోకా లాటిన్‌వి. ఈ ‘అన్’కు సంస్కృతంలో తోబుట్టువు ఉంది. జ్ఞానం-అజ్ఞానంలో ‘అ’, అర్థం-అనర్థంలో ‘అన్’ అదే. గ్రీకులో కూడా ఉంది, రక్తం తక్కువైతే మనం అనీమియా అంటాం కదా, అందులో మొదటి ముక్క. ఇంపాసిబుల్, ఇన్‌విజిబుల్ అన్నప్పుడు వచ్చే ‘ఇం’, ‘ఇన్’ లాటిన్ తోబుట్టువు. వేల ఏళ్ల నాటి ఒకే నకారం ఇన్ని వేషాల్లో మన నోట్లో ఉంది.

నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించేది తోక. ‘ఏబుల్’ అనే ప్రత్యయం రెండు అర్థాలను ఒకే సంచిలో మోస్తుంది. ఒకటి వీలు, రెండోది యోగ్యత. ఒక పుస్తకం ‘రీడబుల్’ అంటే అక్షరాలు కనబడుతున్నాయనీ కావచ్చు, చదవడానికి బాగుందనీ కావచ్చు. మన విశేషణం రెండో రకం. అన్‌యాక్సెప్టబుల్ అన్నదాన్ని ఒప్పుకోవడం అసాధ్యమేమీ కాదు, లోకంలో రోజూ ఎంతోమంది ఒప్పుకుంటూనే ఉంటారు. ఒప్పుకోకూడదు అని చెప్పడమే దాని పని.

ఈ తేడాను తెలుగు చాలావరకు విడదీస్తుంది. ‘లేని’ అంటే వీలు లేదు, శక్తి చాలదు. ‘రాని’ అంటే తగదు, నిషేధం. భరించలేని నొప్పి అంటాం, అంటే ఓర్చుకునే శక్తి చాలదు అని. సహించరాని నేరం అంటాం, ‘సహించలేని’ అంటే అది మన ఓర్పు సంగతి అయిపోతుంది. ఇంగ్లిష్‌లో నొప్పికీ నేరానికీ ‘ఇంటాలరబుల్’ అన్న ఒక్క మాటే సరిపోతుంది. కాబట్టి అన్‌యాక్సెప్టబుల్‌ను తెలుగులో చదువుకునేటప్పుడు ‘ఒప్పుకోలేనిది’ అని కాకుండా ‘ఒప్పుకోరానిది’ అని చదువుకుంటే సగం అర్థం అక్కడే తేలుతుంది.

అర్థం కాలంతో పాటు ఎలా జారిందో చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. మొదట్లో ‘యాక్సెప్టబుల్’ గొప్ప మాట. దేవుడికి ప్రీతి కలిగించేది అన్న అర్థంలో వాడేవారు. 1611 నాటి ఇంగ్లిష్ బైబిల్లో లూకా సువార్త నాలుగో అధ్యాయంలో ‘యాక్సెప్టబుల్ ఇయర్’ అని ఉన్నచోట, తెలుగు బైబిల్లో ‘హితవత్సరము’ అని ఉంటుంది. ఎంత చక్కటి మాట! చర్చికి వెళ్లేవాళ్లు ఎన్నోసార్లు విని ఉంటారు. దానికి వ్యతిరేక పదం కూడా మొదట్లో అంత కఠినమైనది కాదు. 1755లో శామ్యూల్ జాన్సన్ వేసిన నిఘంటువు దీనికిచ్చిన అర్థం రుచించనిది, ఆదరణకు నోచుకోనిది అన్నంతవరకే. రాజుగారికి నచ్చని కానుక, సభకు నచ్చని ప్రసంగం, అలాంటివన్నమాట.

తర్వాత రెండు మాటలూ చెరో దారి పట్టాయి. యాక్సెప్టబుల్ పలచబడుతూ వచ్చి ఇవాళ ‘పర్లేదు’ స్థాయిలో ఉంది. మీ పనిని ఎవరైనా యాక్సెప్టబుల్ అంటే మెచ్చుకున్నట్టు కాదు, గట్టెక్కించినట్టు. అన్‌యాక్సెప్టబుల్ చిక్కబడింది. రుచించనిది కాస్తా క్షమించరానిది అయింది. పరీక్షలో పాస్ మార్కులు వచ్చినవాణ్ణి ఎవరూ ఊరేగించరు, ఫెయిలైనవాడి సంగతి మాత్రం ఊరంతా మాట్లాడుకుంటుంది. ఈ జంట పదాల పరిస్థితి కూడా అంతే.

రాజకీయ నాయకుల నోట ఈ మాట స్థిరపడటంలో 1973 నాటి ఒక సందర్భం బాగా గుర్తుండిపోయింది. బ్రిటన్‌లో లోన్రో అనే కంపెనీ తన పెద్దలకు చేసిన చెల్లింపుల వ్యవహారం బయటపడినప్పుడు, ప్రధాని ఎడ్వర్డ్ హీత్ పార్లమెంటులో దాన్ని పెట్టుబడిదారీ వ్యవస్థకు ఉన్న అసహ్యకరమైన, అన్‌యాక్సెప్టబుల్ ముఖం అన్నారు. ఆయన కన్సర్వేటివ్ పార్టీ మనిషి, పెట్టుబడిదారీ వ్యవస్థను సమర్థించేవాడు. వ్యవస్థ మొత్తాన్ని కాదనకుండా దాని ఒక్క ముఖాన్ని కాదనడానికి ఆ విశేషణం అక్కరకొచ్చింది. ఇప్పటికీ ఇంగ్లిష్ పత్రికల్లో ‘ఫలానాదాని అన్‌యాక్సెప్టబుల్ ఫేస్’ అనే ప్రయోగం కనబడుతూనే ఉంటుంది.

ఇక అసలు చిక్కుముడికి వద్దాం. ‘నేను ఒప్పుకోను’ అంటే ఆ మాట వెనక ఒక మనిషి ఉన్నాడు. అతనితో మాట్లాడొచ్చు, బతిమాలొచ్చు, బేరమాడొచ్చు. ‘ఇది అన్‌యాక్సెప్టబుల్’ అన్నప్పుడు ఆ మనిషి వాక్యంలోంచి మాయమైపోతాడు. ఎవరికి ఒప్పుకోరానిది? చెప్పేవాడికా, కంపెనీకా, చట్టానికా, లోకానికా? చెప్పాలనుకుంటే ‘అన్‌యాక్సెప్టబుల్ టు’ అని ఎవరికో కూడా రాయొచ్చు, ఇంగ్లిష్‌లో ఆ సదుపాయం ఉంది. చాలామంది దాన్ని వదిలేస్తారు. వదిలేస్తే ఒక మనిషి ఇష్టాయిష్టం కాస్తా ప్రకృతి నియమంలా వినబడుతుంది. అధికారంలో ఉన్నవాళ్లకు ఈ మాట ఇష్టం కావడానికి ఇదో కారణమని నా నమ్మకం.

తెలుగులో మనిషి దాక్కోవడానికి చోటే లేదని నేను అనను. కుదరదు, చెల్లదు, కూడదు అన్నప్పుడు మన వాక్యంలో కూడా కర్త ఉండడు. బెంగళూరు ఆటోవాళ్లను మీటర్ వేయమంటే ‘ఆగల్ల సార్’ (కుదరదు సార్) అంటారు, కన్నడలో కూడా అంతే, ఎవరికి కుదరదో చెప్పరు. అయినా మన మాటల్లో ఒక సుగుణం ఉంది. కాదనడానికి కారణం ఏ జాతిదో అవి చెప్పేస్తాయి. కుదరదు అంటే పరిస్థితి అడ్డం వచ్చింది, రేపు పరిస్థితి మారితే మళ్లీ అడగొచ్చు. చెల్లదు అంటే చట్టమో, బజారో ఒప్పుకోదు, చిరిగిన నోటు చెల్లనట్టు. కూడదు అంటే ఆచారమో, నీతి నియమమో వద్దంటోంది. తగదు అంటే నీ స్థాయికి, నీ మర్యాదకు సరిపడదు. బేరంలో గిట్టదు అంటే లెక్క కుదరడం లేదు, అందుకే రైతు గిట్టుబాటు ధర అడుగుతాడు. పనికిరాదు అంటే వస్తువులో లోపం. ఊరుకోం అంటే ఎదురుతిరుగుతాం అని.

ఇన్ని రకాల కాదనడాలనూ అన్‌యాక్సెప్టబుల్ ఒక్కటే గుటుక్కున మింగేస్తుంది. ధర ఎక్కువైనా అదే మాట, బూతు మాట్లాడినా అదే, సర్వర్ పడిపోయినా అదే. పత్రికల్లో మనం దానికి వాడే ‘ఆమోదయోగ్యం కాదు’ కూడా ఆ గొడుగు పదానికి నకలే. తప్పు పట్టను, వార్త రాసేవాళ్లకు సమయం ఉండదు. కానీ మెయిల్ అందుకున్నవాళ్లు మాత్రం ఇది కుదరదా, చెల్లదా, కూడదా, గిట్టదా అని మనసులో అనువదించుకుంటే, ఇవ్వాల్సిన జవాబు ఏమిటో వెంటనే తేలుతుంది. గిట్టదు అన్నవాడికి సంజాయిషీ ఇచ్చి లాభం లేదు, ధర మాట్లాడాలి. కూడదు అన్నవాడికి డిస్కౌంట్ ఇస్తానంటే ఇంకా మండుతుంది.

ఇక్కడ ‘ఒప్పు’ గురించి ఒక మాట. తప్పొప్పుల్లోని ఒప్పు, ఒప్పుకోవడంలోని ఒప్పు మన భాషలో ఒకే రూపంలో ఉన్నాయి. సరైనదీ సమ్మతమైనదీ ఒకే చోట కలుస్తాయి. కన్నడంలో ‘ఒప్పిగె’ అంటే సమ్మతి, ‘ఒప్పంద’ అంటే మన ఒప్పందమే, తమిళంలోనూ ‘ఒప్పందం’ ఉంది. బెంగళూరులో ఇంటి ఓనర్‌తో అగ్రిమెంట్ మాట్లాడేటప్పుడు ఈ మాట పట్టుకుంటే ఇంగ్లిష్ లేకుండానే సగం పని అయిపోతుంది.

తిట్టుగా వాడటం పక్కన పెట్టి, ఈ మాటను కొలతగా వాడే రంగాల్లోకి వెళ్దాం. నాకు దీనిమీద గౌరవం కలిగింది అక్కడే. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ‘యాక్సెప్టెన్స్ క్రైటీరియా’ అని ముందే రాసుకుంటాం. ఏ ఏ షరతులు తీరితే పని పూర్తయినట్టు అని ఇరుపక్షాలూ ఒప్పుకున్న కాగితం అది. 1872 నాటి భారత కాంట్రాక్ట్ చట్టంలోనూ ఇలాంటి ఆలోచనే ఉంది. ప్రతిపాదనను అవతలివాళ్లు ఒప్పుకుంటే అది వాగ్దానం అవుతుంది, ఆ ఒప్పుకోలు షరతులు లేకుండా పూర్తిగా ఉండాలని ఏడో సెక్షన్ చెబుతుంది. సర్వీస్ ఒప్పందాల్లో 99.9 శాతం అందుబాటు అని రాసుకున్నారనుకోండి. 30 రోజుల నెలలో సుమారు 43 నిమిషాలు సర్వీస్ ఆగినా ఇద్దరికీ సమ్మతమే అని దానర్థం. 99.99 శాతం అంటే ఆ 43 నిమిషాలు నాలుగు నిమిషాల చిల్లరకు పడిపోతాయి. కాబట్టి సర్వీస్ అరగంట ఆగినందుకు అన్‌యాక్సెప్టబుల్ అని మెయిల్ వస్తే మొదట చూడాల్సింది ఆ ఒప్పందంలో ఎన్ని తొమ్మిదులున్నాయో. మొదటి రకమైతే, ఆ నెలలో ఇంకెప్పుడూ ఆగకపోయి ఉంటే, అది కోపం. రెండో రకమైతే గీత నిజంగానే దాటాం, ఒప్పందంలో రాసుకున్నట్టు బిల్లులో తగ్గింపు ఇవ్వాల్సిందే.

దీన్ని ఇంకా దగ్గరగా చూడాలంటే మంచినీళ్ల రిపోర్టు తీసుకోవాలి. బెంగళూరు శివారు అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లకు బోర్లు, ట్యాంకర్లు, 2024 వేసవి కష్టాలు కొత్తగా చెప్పక్కర్లేదు. మన దేశంలో తాగునీటికి ఐఎస్ 10500 అనే ప్రమాణం ఉంది. 1991 నాటి దాంట్లో చాలా అంశాలకు ఒక ‘డిజైరబుల్’ పరిమితి, ఒక ‘పర్మిసిబుల్’ పరిమితి ఉండేవి. 2012లో సవరించినప్పుడు మొదటిదాని పేరును ‘యాక్సెప్టబుల్’గా మార్చారు. ఈ మార్పు చిన్నదేమీ కాదు. ఉంటే బాగుండు అని చెప్పే మాట పోయి, ఇదీ ఒప్పుకునే గీత అని చెప్పే మాట వచ్చింది. దాని కింద నోట్‌లో మూడు మెట్లు స్పష్టంగా చెప్పారు. యాక్సెప్టబుల్ పరిమితిని అమలు చేయాలని సిఫారసు. అది దాటితే నీళ్లు తగినవి కావు, అయినా వేరే ఆధారం లేకపోతే పర్మిసిబుల్ పరిమితి వరకు ఓర్చుకోవచ్చు. ఆ రెండోది కూడా దాటితే ఆ నీటి వనరునే వదిలేయాలి.

మా అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ పక్కన అంటించిన రిపోర్టు చెబుతాను. టీడీఎస్ (నీళ్లలో కరిగి ఉన్న లవణాల్లాంటి వాటి మొత్తం) లీటరుకు 780 మిల్లీగ్రాములు. యాక్సెప్టబుల్ 500, పర్మిసిబుల్ 2000, కాబట్టి మధ్య మెట్టు. కాఠిన్యం 410. పరిమితులు 200, 600, ఇదీ మధ్య మెట్టే. నైట్రేట్ 52. ఇక్కడ యాక్సెప్టబుల్ 45, పక్క గడిలో అంకె లేదు, ‘సడలింపు లేదు’ అని ఉంది. అంటే మధ్య మెట్టే లేదు. గ్రూపులో మాత్రం అందరూ టీడీఎస్ గురించే గొడవపడ్డారు. అందరి ఇళ్లలో పెన్నులాంటి టీడీఎస్ మీటర్ ఉంటుంది మరి, నైట్రేట్ దానికి విడిగా కనబడదు. మురుగు, ఎరువులు భూమిలోకి ఇంకి నైట్రేట్ బోరు నీళ్లలో చేరుతుంది. పాలపొడి కలిపి పట్టే పసిపిల్లలకు ఇది ప్రమాదం, రక్తం ఆక్సిజన్ మోసే శక్తి తగ్గి ఒళ్లు నీలంగా మారే జబ్బు వస్తుంది. నీళ్లు కాచితే పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. కాఠిన్యం తగ్గించే మామూలు సాఫ్ట్‌నర్‌తో కూడా పోదు. ఆర్ఓ తగ్గిస్తుంది. ఆ కాగితంలో నిజంగా అన్‌యాక్సెప్టబుల్ అనాల్సిన గడి అదొక్కటే, ఎవరూ అనని గడి కూడా అదే. ఫ్లోరైడ్ సంగతి నల్లగొండ, అనంతపురం వాళ్లకు నేను చెప్పాల్సిన పని లేదు. దాని పరిమితులు 1.0, 1.5. ఆ గీతలు దాటిన నీళ్లతోనే ఎన్నో ఊళ్ల బతుకులు గడిచాయి.

మధ్య మెట్టు ఒకటి ఉంటుందన్న ఈ ఆలోచన ప్రమాదాలను లెక్కగట్టే రంగంలో ఇంకా పక్కాగా ఉంది. బ్రిటన్‌లో సైజ్‌వెల్ అణు విద్యుత్ కేంద్రంపై బహిరంగ విచారణ జరిగాక, అక్కడి ఆరోగ్య భద్రతా సంస్థ 1988లో ఒక పద్ధతి ప్రకటించి 1992లో సవరించింది. దాని ప్రకారం ప్రమాదాలు మూడు పట్టీలు. కింద పట్టీలో ఉన్నవి యాక్సెప్టబుల్. మధ్యలోవి ‘టాలరబుల్’, ఇవి మనకు ఇష్టం లేకపోయినా ప్రయోజనం కోసం ఓర్చుకునేవి, ఎప్పటికప్పుడు తగ్గిస్తూ ఉండాలన్న షరతుతో. పై పట్టీలోవి అన్‌యాక్సెప్టబుల్, ప్రయోజనం ఎంతున్నా సరే. ఏడాదికి కార్మికుల్లో వెయ్యి మందికి ఒకరు, సాధారణ ప్రజల్లో పదివేల మందికి ఒకరు చనిపోయే అవకాశాన్ని పై గీతగా, పది లక్షల్లో ఒకరు అన్నదాన్ని కింది గీతగా పెట్టారు. ప్రాణాలకు ఇలా అంకెలు వేయడం మొదట విన్నప్పుడు నాకు బాధనిపించింది. ఆలోచిస్తే, గీత గీయకపోయినా మనుషులు చనిపోతూనే ఉంటారు, ఎవరూ జవాబు చెప్పాల్సిన అవసరం మాత్రం ఉండదు.

మరీ భయంకరమైన వాడుక అణ్వాయుధాలది. 1960లలో అమెరికా రక్షణ మంత్రి రాబర్ట్ మెక్‌నమారా ‘అన్‌యాక్సెప్టబుల్ డ్యామేజ్’ అనే భావనకు అంకెలు కట్టించారు. శత్రుదేశ జనాభాలో ఐదో వంతు నుంచి నాలుగో వంతు, పరిశ్రమల్లో సగం నాశనం చేయగలిగితే చాలు, వాళ్లు మన మీదికి రారు అన్నది ఆ లెక్క. మన దేశం 2003 జనవరి 4న ప్రకటించిన అణు విధానంలోనూ ఈ మాట ఉంది. ముందుగా మనం వాడం, మన మీద వాడితే మాత్రం అన్‌యాక్సెప్టబుల్ నష్టం కలిగించేలా భారీగా తిప్పికొడతాం అని. ఎంత నష్టమో అందులో చెప్పలేదు. గీత ఎక్కడుందో తెలియకపోవడమే ఇక్కడ బెదిరింపు. ‘ఎవరికి’ అన్న ప్రశ్నకు కూడా జవాబు మారిపోయింది, ఒప్పుకోలేకపోవాల్సింది అవతలివాడు.

దౌత్యంలో ఇదే మాటకు హోదా తేడా ఉంది. 1961 నాటి వియన్నా ఒప్పందం తొమ్మిదో అధికరణం ప్రకారం, ఆతిథ్య దేశం కారణం చెప్పకుండానే విదేశీ రాయబారినీ దౌత్యవేత్తలనూ ‘పెర్సోనా నాన్ గ్రాటా’ (ఇష్టం లేని మనిషి) అనవచ్చు. రాయబార కార్యాలయంలో మిగతా సిబ్బంది విషయంలో వాడాల్సిన మాట ‘నాట్ యాక్సెప్టబుల్’. రెండిటి ఫలితం ఒక్కటే, పంపిన దేశం వాళ్లను వెనక్కి పిలిపించుకోవాలి, లేదా ఆ పనిలోంచి తప్పించాలి. అయినా పెద్దవాళ్లకు లాటిన్, గుమాస్తాలకు ఇంగ్లిష్.

బెంగళూరులో యూరప్ క్లయింట్లకు పనిచేసేవాళ్లు ఇప్పుడు ఎక్కువగా వింటున్నది ‘అన్‌యాక్సెప్టబుల్ రిస్క్’. యూరోపియన్ యూనియన్ ఏఐ చట్టం 2024 ఆగస్టు 1న అమల్లోకి వచ్చింది, అందులో పూర్తి నిషేధాలు 2025 ఫిబ్రవరి 2 నుంచి వర్తిస్తున్నాయి. మనుషుల ప్రవర్తనకు మార్కులు వేసి వాళ్లకు నష్టం కలిగేలా వాడటం, ఆఫీసుల్లో, విద్యాసంస్థల్లో ముఖం చూసి భావోద్వేగాలు పసిగట్టే సాఫ్ట్‌వేర్ (వైద్యం, భద్రత కోసమైతే తప్ప) ఈ కోవలోకి వస్తాయి. ఉల్లంఘిస్తే జరిమానా గరిష్ఠంగా మూడున్నర కోట్ల యూరోలు లేదా, కంపెనీలకైతే, ప్రపంచవ్యాప్త వార్షిక టర్నోవర్లో 7 శాతం, సాధారణంగా ఏది ఎక్కువైతే అంతవరకు. ఇక్కడ ఈ మాటకు చర్చలతో పనిలేదు. జాగ్రత్తలు తీసుకుంటాం అంటే ‘హై రిస్క్’ వాటికి సరిపోవచ్చు, దీనికి సరిపోదు. క్లయింట్ డాక్యుమెంట్లో ‘అన్‌యాక్సెప్టబుల్’, ‘రిస్క్’ కలిసి కనబడితే అది ఖచ్చితంగా రూల్.

దగ్గరి మాటలతో తేడా క్లుప్తంగా చెప్పుకుందాం. ‘అబ్జెక్షనబుల్’ అంటే అభ్యంతరకరం, ఎవరో ఒకరు అభ్యంతరం చెప్పగలరు అన్నంతవరకే. ‘ఇనప్రాప్రియేట్’ అంటే సందర్భానికి తగనిది, హెచ్ఆర్ వాళ్లకు ఇష్టమైన మాట. ‘ఇనడ్మిసిబుల్’ కోర్టులో చెల్లని సాక్ష్యానికి. ‘అన్‌పార్లమెంటరీ’ చట్టసభల్లో వాడకూడని మాటకు, దాన్ని తేల్చేది స్పీకర్ అని లోక్‌సభ 380వ నిబంధనలోనే ఉంది.

‘అన్‌వెల్కమ్’ మాత్రం కాస్త ఆగి చూడాల్సిన మాట. పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపులను నిరోధించే 2013 చట్టం, వేధింపును నిర్వచించడానికి అన్‌యాక్సెప్టబుల్ అనే మాట వాడలేదు. ‘అన్‌వెల్కమ్’ ప్రవర్తన అంది. ఎంత ఆలోచించి పెట్టారో చూడండి. అన్‌యాక్సెప్టబుల్ అని ఉంటే ‘సమాజం దృష్టిలో ఇదేమంత తప్పు కాదు, సరదాకే అన్నాడు’ అనే వాదనకు తలుపు తెరిచి ఉండేది. అన్‌వెల్కమ్ అన్నప్పుడు ఆ ప్రవర్తన ఎదురైన ఆవిడకు అది ఇష్టమేనా అన్న ప్రశ్న ముందుకొస్తుంది. మాయమైన మనిషిని వాక్యంలోకి తిరిగి తెచ్చి కూర్చోబెట్టినట్టయింది. కొత్తగా ఉద్యోగంలో చేరే ఆడపిల్లలకు నేను ఈ తేడా తప్పకుండా చెబుతాను. కమిటీకి ఫిర్యాదు రాసేటప్పుడు ‘అతని ప్రవర్తన అన్‌యాక్సెప్టబుల్’ అని ఒక్క వాక్యంతో వదిలేయొద్దు. ఏం జరిగింది, ఎప్పుడు జరిగింది, అది నాకు ఇష్టం లేదు, ఆ సంగతి ఎలా తెలియజేశాను అని రాయాలి. నోటితో చెప్పలేకపోతే, మౌనంగా పక్కకు తప్పుకున్నా సరే, అది కూడా రాయాలి.

మనమే ఆ మాట వాడాల్సి వస్తే? వాడొచ్చు, నేను వద్దనను. ‘టోటల్లీ’, ‘కంప్లీట్లీ’, ‘సింప్లీ’ లాంటి తాళింపు అక్కర్లేదు. అవి చేరేకొద్దీ కొలత తగ్గి కోపం పెరుగుతుంది, ఇంగ్లిష్ సొంత భాష అయినవాళ్లకు అది వెంటనే తెలిసిపోతుంది. ఎవరికి, ఏ గీత దాటింది, ఇప్పుడేం చేయాలి, ఈ మూడూ ఆ విశేషణం పక్కనే ఉండాలి. కారణం మన మాటల్లో ఏ జాతిదో ముందు తేల్చుకుని రాస్తే వాక్యం దానంతటదే కుదురుకుంటుంది. మా అసోసియేషన్ సెక్రటరీగారికి నేను పంపిన మెయిల్ తెలుగులో చెప్పాలంటే ఇలా ఉంటుంది: ‘అంకుల్, రిపోర్టులో నైట్రేట్ 52 ఉంది. ఐఎస్ 10500 ప్రకారం 45 దాటకూడదు, సడలింపు లేదు. పసిపిల్లలున్న ఇళ్లకు ఈ నీళ్లు తాగడానికి పనికిరావు. ఆ బోరు నీళ్లు తాగే ట్యాంకులోకి రాకుండా లైన్ ఈరోజే వేరు చేయించండి, ట్యాంకర్ నీళ్లకు కూడా నైట్రేట్ టెస్ట్ చేయించాకే దింపించుకుందాం. టీడీఎస్ సంగతి ఆదివారం మీటింగ్‌లో మాట్లాడుకోవచ్చు.’